అమ్మానాన్నలకు పదిహేడేళ్లప్పుడు

“నలభై ఏళ్లు దాటినా జనం ఇంకా ఎందుకు చూస్తున్నారంటావా? పాతది కాబట్టి చూస్తున్నారు. వాళ్లు చూసుకుంటున్నది సినిమాని కాదమ్మా, తమ చిన్నతనాన్ని” అన్నాడు మామయ్య.

“నేను పుట్టింది 1998లో మామయ్యా. ఆ సినిమా వచ్చింది 1985 జులై 3న. అందులో నా చిన్నతనం ఎక్కడుంది?” అంది మేనకోడలు.

వాదన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ గురించి. మామయ్య బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఫిల్మ్ సొసైటీ వేసే సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్ సినిమాలను ఒక్కటీ వదలకుండా చూశాడు. హాలీవుడ్ వినోదమంటే ఆయనకి అప్పటినుంచీ అనుమానమే. మేనకోడలు హైదరాబాద్‌లో వెబ్ సిరీస్‌లకి స్క్రిప్టులు రాస్తుంది. రాతపని నేర్చుకునేవాళ్లకి ఈ సినిమాని మించిన పాఠం లేదని ఆమె నమ్మకం. ఇద్దరికీ సినిమా సీను సీనుగా తెలుసు. అందుకే ఒకరి మాట ఒకరు వదిలిపెట్టలేదు.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. కాలిఫోర్నియాలో హిల్ వ్యాలీ అనే కల్పిత పట్నం. మార్టీ మెక్‌ఫ్లై అక్కడి పదిహేడేళ్ల కుర్రాడు. తండ్రి జార్జ్ పిరికివాడు. హైస్కూల్లో తనను ఏడిపించిన బిఫ్ చేతికిందే ఇప్పటికీ నలుగుతుంటాడు. తల్లి లొరేన్ మందుకి అలవాటు పడింది. డాక్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త డెలోరియన్ కారుని కాలయంత్రంగా మార్చాడు. దానికి కావలసిన ప్లుటోనియం కోసం అతను మోసం చేసిన ముఠా వచ్చి అతన్ని కాల్చేస్తుంది. మార్టీ కారెక్కి పారిపోతూ గంటకి 88 మైళ్ల వేగం అందుకోగానే 1955 నవంబర్ 5న తేలతాడు. అక్కడ, తల్లీ తండ్రీ తొలిసారి ఎదురుపడాల్సిన క్షణానికి తెలియక అడ్డం పడతాడు. తండ్రిని చూసి మనసు పారేసుకోవాల్సిన అమ్మాయి కొడుకుని చూసి మనసు పారేసుకుంటుంది. వారంలోగా వాళ్లిద్దరినీ కలపకపోతే మార్టీ అనేవాడు పుట్టనే పుట్టడు.

మామయ్య తన మాటకి ఆధారం చూపించాడు. “నీ చిన్నతనం కాకపోతే అమెరికాది అనుకో. 1985లో అక్కడ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్. పాత మంచి రోజులు తెస్తానని ఓట్లు అడిగిన మనిషి. ఈ సినిమా సరిగ్గా ఆ పాత రోజుల్నే తెర మీద పరిచింది. 1985లో హిల్ వ్యాలీ కూడలి చూడు: బెంచీల మీద బికారులు, ఆగిపోయిన గడియారం, బూతు సినిమాలాడే థియేటర్. అదే కూడలి 1955లో కడిగిన ముత్యంలా ఉంటుంది. అదే థియేటర్లో రీగన్ నటించిన ‘కాటిల్ క్వీన్ ఆఫ్ మోంటానా’ ఆడుతుంటుంది. 1986 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ముందు ప్రసంగిస్తూ రీగన్ ఈ సినిమాలో మాటే వాడుకున్నాడు. ఇంతకంటే రుజువేం కావాలి?”

“రీగన్ మీద వేసిన జోకు మాటేమిటి మరి? 1985లో అధ్యక్షుడెవరని 1955 డాక్ అడుగుతాడు. రీగన్ అని చెబితే, ఆ సినిమా నటుడా అని వెటకారం చేస్తాడు. ఇది పాత రోజుల భజన అయితే ఆ జోకు ఎందుకుంటుంది?” అంది ఆమె. “పైగా వ్యామోహం ఒక తరాన్ని థియేటర్‌కి తెస్తుంది. రెండో తరాన్ని తేలేదు. ఆ ఏడాది ప్రపంచంలో ఎక్కువ వసూలు చేసిన సినిమా ఇదే. 1.9 కోట్ల డాలర్లతో తీస్తే 38 కోట్లు వచ్చాయి. అంతవరకే అయితే మీ మాట ఒప్పుకునేదాన్ని. కానీ 2007లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే సినిమాల జాబితాలో చేరింది. లండన్‌లో సంగీత నాటకంగా వేస్తే 2022లో ఆలివియే అవార్డు వచ్చింది. 1955నే కాదు, 1985ని కూడా చూడనివాళ్లు టికెట్లు కొంటున్నారు.”

“మరి వాళ్లకి కావలసిందేమిటి?”

ఆమె బాబ్ గేల్ సంగతి చెప్పింది. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్‌తో కలిసి ఈ సినిమా రాసినవాడు గేల్. 1980లో సెయింట్ లూయిస్‌లో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి వెళ్లినప్పుడు తండ్రి హైస్కూల్ నాటి వార్షిక సంచిక అతని కంటపడింది. తిరగేస్తే, తండ్రి ఆ తరగతికి ప్రెసిడెంటుగా ఉండేవాడని తెలిసింది. ఆ సంగతి కొడుక్కి అప్పటిదాకా తెలియదు. గేల్ చదివిన రోజుల్లో ప్రెసిడెంటుగా ఉన్న కుర్రాడంటే అతనికి గిట్టేది కాదు. నేనూ మా నాన్నా ఒకే క్లాసులో చదివి ఉంటే స్నేహితులమయ్యేవాళ్లమా? ఈ ప్రశ్నలోంచే మొత్తం సినిమా పుట్టింది.

“చూడండి, ఇందులో కాలయంత్రం లేదు, డెలోరియన్ లేదు, పిడుగు లేదు. అవన్నీ తర్వాత వచ్చి చేరాయి. మొదట ఉన్నది ఓ కొడుకు, నాన్న పాత ఫొటో. అమ్మానాన్నలు మనకి పెద్దవాళ్లుగానే పరిచయమవుతారు. వాళ్లు మన వయసులో ఎలా ఉండేవాళ్లో చూసే వీలు ఎవరికీ లేదు. ఆ వీలు ఈ సినిమా ఇచ్చింది.”

మామయ్య తల అడ్డంగా ఊపాడు. “ప్రశ్న మంచిదే. కానీ కాలంలో ప్రయాణం అనేంత పెద్ద సాధనం చేతిలో పెట్టుకుని ఇంత చిన్న ఊళ్లో తిరగడమేమిటి? హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవలలో మనిషి 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. మానవజాతి ఏమైపోతుందో అడుగుతాడు. అంతదాకా ఎందుకు, మన సింగీతం ‘ఆదిత్య 369’ తీశాడు 1991లో. బాలకృష్ణని 1526కి, రాయలవారి కొలువులోకి పంపాడు. అక్కడినుంచి 2504కి తీసుకెళ్లాడు. ఆ సినిమా చూస్తే విజయనగరం చూసినట్టుంటుంది. మీ జెమెకిస్ పంపింది ఎంత దూరం? ముప్ఫై ఏళ్లు. అదీ అదే ఊళ్లో.”

“అదే కదా దాని బలం!” అంది ఆమె. “‘ఆదిత్య 369’ అంటే నాకూ ప్రాణమే. 4కె ప్రింటుతో 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైతే నా తోటివాళ్లు ఎగబడి చూశారు. కానీ అది వెళ్లింది అందరికీ తెలిసిన చోటికి. శ్రీకృష్ణదేవరాయలు ఎలా ఉంటాడో మనకి ముందే ఓ ఊహ ఉంది. మా అమ్మ పదిహేడేళ్లప్పుడు ఎలా ఉండేదో నాకు ఏ ఊహా లేదు.”

మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఆమె చెబుతున్న అమ్మ ఆయనకి స్వయానా అక్క. ఆమెకి పదిహేడేళ్లప్పుడు అదే ఇంట్లో ఉన్నవాడాయన.

ఈ చోట మేనకోడలి వాదనలో పస ఉంది. ముప్ఫై ఏళ్లంటే సరిగ్గా ఒక తరం. అంతకంటే దూరం వెళ్తే తెర మీద కనిపించేది చరిత్ర. దగ్గరగా వెళ్తే మనకి గుర్తున్న కాలమే. ముప్ఫై ఏళ్ల వెనక ఉన్నవి మనం పుట్టని రోజులు, కానీ మనింటి మనుషులు. కూడలి అదే, కోర్టు భవనం అదే, బడి అదే. యూనివర్సల్ స్టూడియో ఆవరణలో వేసిన ఆ కూడలి సెట్‌లో మొదట 1955 సీన్లు తీశారు. తర్వాత దాన్నే పాడుబెట్టి, మురికి పట్టించి 1985గా మార్చారు. ఒకే చోటు రెండు వయసుల్లో కనిపించడం వల్ల చూసేవాడి మనసు తన ఊరి సెంటర్‌ని ఆ కూడలిలో పెట్టుకుని చూసుకుంటుంది. తెలుగులో 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’లో కూడా శర్వానంద్ వెళ్లేది 1998కే, తల్లి దగ్గరికే. ఎదిగిన కొడుకు ఎదురుగా కూర్చుంటే అమల ఎవరో పరాయి కుర్రాడితో మాట్లాడినట్టు మాట్లాడుతుంటుంది. ఆ సీన్లలో జనం కళ్లు చెమర్చాయంటే కారణం యంత్రం కాదు.

ఆమె రెండు సీన్లను పక్కపక్కన పెట్టింది. 1985లో భోజనాల బల్ల దగ్గర లొరేన్ పిల్లలకి నీతులు చెబుతుంటుంది. నా వయసులో నేను అబ్బాయిల వెంట పడలేదు, ఫోన్లు చేయలేదు, ఆగిన కారులో అబ్బాయి పక్కన కూర్చోలేదు అంటుంది. 1955లో అదే లొరేన్ మార్టీ వెంట పడుతుంది, ఇంటికి వెతుక్కుంటూ వస్తుంది, ఆగిన కారులో అతని పక్కన కూర్చుని సీసా ఎత్తి తాగుతుంది, సిగరెట్ వెలిగిస్తుంది. వద్దని అడ్డుపడేది కొడుకు!

“హాలంతా నవ్వుతుంది. ఎందుకంటే ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టే ప్రసంగం వినని పిల్లలు ఏ దేశంలోనూ లేరు. ఇక్కడ జెమెకిస్ తల్లిని దోషిని చేయలేదు చూడండి. ఆమె అబద్ధం చెప్పిందని కొడుకు కోపగించుకోడు. తల్లికి కూడా ఒకప్పుడు ఒళ్లు, మనసు, తుంటరితనం ఉన్నాయని తెలిసి బిత్తరపోతాడు. నటుల ఎంపిక కూడా అందుకు కుదిరింది. తల్లి వేషం వేసిన లియా థాంప్సన్, కొడుకు వేషం వేసిన మైకెల్ జె. ఫాక్స్ ఇద్దరూ 1961లోనే పుట్టారు, కొద్ది రోజుల తేడాతో. తండ్రి వేషం వేసిన క్రిస్పిన్ గ్లోవర్ అయితే ‘కొడుకు’ కంటే దాదాపు మూడేళ్లు చిన్న.”

“కొడుకుని తల్లి మోహించడం హాస్యమా?” మామయ్య గొంతు పెంచాడు.

“ఆ భయంతోనే డిస్నీ వాళ్లు స్క్రిప్టు వెనక్కి పంపారు. తమాషా ఏమిటంటే మిగతా స్టూడియోలు అందుకు సరిగ్గా ఎదురు కారణం చెప్పాయి. ఆ రోజుల్లో ఆడుతున్న కుర్రకారు సినిమాల్లో ఉండే బూతు ఇందులో లేదు, చప్పగా ఉందన్నాయి. నలభైసార్లకి పైగా కాదనిపించుకున్న స్క్రిప్టు ఇది. రచయితలు ఆ చిక్కుని ఎలా విప్పారో చూడండి. కారులో లొరేనే అతన్ని ముద్దు పెట్టుకుంటుంది, వెంటనే వెనక్కి తగ్గుతుంది. తమ్ముణ్ణి ముద్దు పెట్టుకున్నట్టుందని తనే అంటుంది. ఒక్క డైలాగుతో హాలు ఊపిరి పీల్చుకుంటుంది.”

తర్వాత మాట విజ్ఞానశాస్త్రం మీదికి మళ్లింది. మామయ్య డిగ్రీలో ఫిజిక్స్ చదివాడు. మార్టీ జేబులో అన్న, అక్కలతో దిగిన ఫొటో ఒకటి ఉంటుంది. తల్లిదండ్రులు కలిసే అవకాశం తగ్గుతున్నకొద్దీ ఆ ఫొటోలో మొదట అన్న తల మాయమవుతుంది, తర్వాత మిగతా ఒళ్లు, తర్వాత అక్క. “పుడితే అందరూ ఉండాలి, లేకపోతే ఎవరూ ఉండకూడదు. ముందు తల పోవడమేమిటి, అంచెలంచెలుగా చెరిగిపోవడమేమిటి? ఏ సిద్ధాంతం ప్రకారం?” అన్నాడు.

“ఏ సిద్ధాంతమూ లేదు. అది గడియారం మామయ్యా, అంతే. ఎంత సమయం మిగిలిందో చూసేవాడికి కంటితో కనబడాలి. ముంచుకొచ్చే ప్రమాదాన్ని డైలాగుల్లో చెబితే పాఠంలా ఉంటుంది. ఫొటోలో చూపిస్తే ఆరేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది.”

అప్పుడు ఆమె తనకి బాగా ఇష్టమైన ఉదాహరణకి వచ్చింది. దాన్ని ఆమె ఎంత తీరిగ్గా చెప్పిందో ఇక్కడా అంత తీరిగ్గా చెప్పుకోవాలి. రాతపని అంటే ఏమిటో దీనిలో ఉంది.

1955లో కారుకి కావలసిన 1.21 గిగావాట్ల విద్యుత్తు పుట్టించే సాధనం లేదు. పిడుగుకి తప్ప ఆ శక్తి లేదు. పిడుగు ఎప్పుడు ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. మార్టీకి మాత్రం తెలియాలి. ఎలా? సాధారణ రచయిత అయితే పాత పేపరు చదివినట్టో, బడిలో పాఠం విన్నట్టో రాస్తాడు. గేల్, జెమెకిస్ ఏం చేశారంటే, సినిమా మొదట్లో మార్టీ, అతని ప్రియురాలు జెన్నిఫర్ కూడలిలో ముద్దు పెట్టుకోబోతుంటే మధ్యలో ఒకావిడ డబ్బా ఆడిస్తూ వస్తుంది. ముప్ఫై ఏళ్ల కిందట పిడుగు పడి ఆగిపోయిన కోర్టు గడియారాన్ని కాపాడమని చందా అడుగుతుంది. ఆమెని వదిలించుకోడానికి మార్టీ ఓ నాణెం వేస్తాడు. ఆమె ఓ కరపత్రం చేతిలో పెట్టి వెళ్తుంది. చెత్తబుట్టలో పడాల్సిన కాగితం అది. ఇంతలో జెన్నిఫర్ తండ్రి కారు హారన్ మోగుతుంది. ఆ రాత్రి తను అమ్మమ్మగారింట్లో ఉంటానని, అక్కడి ఫోన్ నంబరు ఆ కరపత్రం వెనకే రాసి, దాంతోపాటు ప్రేమిస్తున్నానని రాసిస్తుంది. ఇంక ఆ కాగితాన్ని ఏ పదిహేడేళ్ల కుర్రాడు పారేస్తాడు?

1955లో మార్టీ ఆ కాగితం బయటికి తీసేది పిడుగు కోసం కాదు. నాకు అక్కడ ఓ అమ్మాయి ఉంది, నేను వెళ్లాలి, చూడు ఏం రాసిందో అని డాక్‌కి చూపించడానికి తీస్తాడు. డాక్ ‘పిడుగు’ అనే మాట అన్నాకే కాగితం తిరగబడుతుంది. రెండో వైపు ఉంది: నవంబర్ 12, రాత్రి 10 గంటల 4 నిమిషాలు.

“చందా డబ్బా సీనుని మనం ముద్దుకి అడ్డం పడిన హాస్యం అనుకుని మరిచిపోయాం. అదే కథని మోసింది. నంబరు రాసిన అమ్మాయి ప్రేమే అతన్ని ఇంటికి చేరుస్తుంది. ఒక కాగితానికి రెండు వైపులా రెండు కథలు. ఈ సినిమాలో వృథా వస్తువు ఒక్కటి చూపించండి” అంది ఆమె.

మామయ్య చూపించలేకపోయాడు. పైగా తనే ఒకటి కలిపాడు. సినిమా డాక్ ఇంట్లో టిక్కుటిక్కుమంటున్న గడియారాల వరస మీద మొదలవుతుంది. వాటిలో ఒకదాని ముల్లు పట్టుకుని వేలాడుతున్న చిన్న బొమ్మ మనిషి ఉంటాడు. అది 1923 నాటి మూకీ ‘సేఫ్టీ లాస్ట్’లో హారొల్డ్ లాయిడ్ భంగిమ. చివరికి డాక్ అదే భంగిమలో కోర్టు గడియారానికి వేలాడతాడు. “ఆ బొమ్మని మొదటిసారే పట్టాను నేను” అన్నాడు. ఇన్నాళ్లూ తను చూసిన పాత సినిమాలు అక్కరకొచ్చాయన్న సంతోషం ఆయన ముఖంలో దాగలేదు.

“ఇంకో సంగతి. పైన్ చెట్ల మాల్!” ఆమె గుర్తు చేసింది. మార్టీ బయల్దేరిన షాపింగ్ మాల్ పేరు ట్విన్ పైన్స్, అంటే జంట పైన్ చెట్లు. 1955లో ఆ స్థలం పీబాడీ అనే రైతు పొలం. మార్టీ కారుతో పారిపోతూ రెండు చెట్లలో ఒకదాన్ని తొక్కించేస్తాడు. తిరిగొచ్చేసరికి బోర్డు మీద లోన్ పైన్ అని ఉంటుంది. ఒంటి చెట్టు. ఎవరూ దాని గురించి మాట్లాడరు, కెమెరా ఆగి వేలు పెట్టి చూపించదు. రెండోసారి చూసినవాడికి దొరికే బహుమతి అది.

ఇంత పకడ్బందీగా కనిపించే సినిమా నిజానికి ఎన్ని గండాలు దాటిందో మామయ్యకి తెలుసు. ఆయన దాన్నే ఆయుధం చేసుకున్నాడు. “మీరు ప్రతిభ అంటున్నదాంట్లో సగం అదృష్టం. మొదటి స్క్రిప్టులో కాలయంత్రం ఫ్రిజ్. పిల్లలు చూసి ఫ్రిజ్‌లలో దూరి తలుపేసుకుంటారేమోనని మానేశారు. పతాక సన్నివేశం నెవాడా ఎడారిలో అణుపరీక్ష దగ్గర జరగాలి. డబ్బు చాలదని గడియారస్తంభం మీదికి తెచ్చారు. హీరోగా ఎరిక్ స్టోల్ట్జ్‌ని పెట్టుకుని వారాల తరబడి తీశారు. 1985 జనవరిలో తీసేశారు. యూనివర్సల్ పెద్ద సిడ్ షైన్‌బర్గ్ అయితే సినిమా పేరునే ‘స్పేస్‌మన్ ఫ్రమ్ ప్లూటో’ అని మార్చమని ఉత్తరం రాశాడు. సినిమా నిర్మాణం వెనక ఉన్న స్పీల్‌బర్గ్ ఆ ఉత్తరాన్ని జోకుగా తీసుకుని, నవ్వించినందుకు కృతజ్ఞతలని జవాబు రాయబట్టి బతికిపోయింది.”

“అదృష్టం ఎందుకవుతుంది? స్టోల్ట్జ్ మంచి నటుడు. కానీ పాత్రని విషాదంగా పట్టుకున్నాడు. వారాల డబ్బు నీళ్లపాలైనా సరే, ఇది కాదని ఒప్పుకుని మళ్లీ మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి. ఫాక్స్ అప్పుడు ‘ఫ్యామిలీ టైస్’ అనే టీవీ సీరియల్‌లో ఉన్నాడు. పగలంతా అక్కడ, సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా ఇక్కడ. కళ్ల కింద అలసట, కాళ్లలో కంగారు. ఏ లోకంలో ఉన్నాడో తెలియని కుర్రాడి పాత్రకి అంతకంటే ఏం కావాలి? ఏప్రిల్ చివర్లో షూటింగ్ ముగిస్తే జులై 3కి థియేటర్లలో ఉంది.”

అణుపరీక్ష సంగతికి ఆమె ఇచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంది. ఎడారిలో బాంబు పేలితే అది ఎవరి కథా కాదు. ఊరి మధ్య గడియారం మీద పిడుగు పడితే అది ఆ ఊరి కథ. డబ్బు తక్కువై ఊళ్లోనే ఉండిపోయారు. ఊళ్లో ఉండిపోవడం వల్లే సినిమా నిలిచింది.

డెలోరియన్‌దీ అలాంటి సంగతే. ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ దగ్గర తయారై, సుమారు తొమ్మిది వేలు మాత్రమే బయటికొచ్చి, కంపెనీ దివాలా తీసిన కారు అది. రెక్కల్లా పైకి లేచే తలుపులు చూసి 1955 నాటి రైతు కుటుంబం అంతరిక్ష నౌక అనుకోవాలి. ఆ ఒక్క హాస్యం కోసం దాన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు ఆ కారుని లోకం గుర్తుపట్టేది ఈ సినిమా వల్లే.

మామయ్య అసలు అభ్యంతరాలు అప్పటిదాకా దాచుకున్నాడు. “1955 నవంబర్ 5 నుంచి 12 దాకా కథ. అదే ఏడాది ఆగస్టులో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి కొట్టి చంపారు. డిసెంబర్ 1న మాంట్‌గొమరీ బస్సులో రోజా పార్క్స్ సీటు వదలనంది. ఈ రెండిటి మధ్యన ఉన్న వారం అది. ఆ వారంలో మీ హిల్ వ్యాలీలో నల్లవాళ్లు ఎంతమంది? కేఫ్‌లో నేల తుడిచే గోల్డీ విల్సన్, బడి డాన్సులో వాయించే బ్యాండువాళ్లు. ఆ పైన ఘోరం: చక్ బెర్రీ పాట ‘జానీ బి. గుడ్’ని ఓ తెల్ల కుర్రాడు గిటార్ మీద వాయిస్తే, బ్యాండు నాయకుడు ఫోన్ తీసి వరసకి సోదరుడైన చక్‌కి వినిపిస్తాడు. అంటే రాక్ అండ్ రోల్‌ని నల్లవాళ్లకి నేర్పింది కాలిఫోర్నియా తెల్ల కుర్రాడన్నమాట. పాట వచ్చింది 1958లోనే కావచ్చు. కానీ 1955 జులైకే బెర్రీ ‘మేబెలీన్’ విడుదలై మోత మోగుతోంది. ఆయన కొత్త శబ్దం కోసం వెతుక్కునే స్థితిలో లేడు.”

మేనకోడలు తొందరపడలేదు. “గోల్డీ విషయంలో మీతో ఏకీభవించను. నేను చదువుకుంటాను, ఓ స్థాయికి వస్తానని అతను ముందే అంటాడు. మేయర్ అన్న మాట ఒక్కటే మార్టీ నోరుజారి అందిస్తాడు. నల్లవాడు మేయరా అని నవ్వే తెల్ల యజమానిని కూడా సినిమా చూపించింది. ఆ నవ్విన ఊరికే 1985లో అతను మేయర్. చక్ బెర్రీ సంగతి మాత్రం వేరు. కాలం చక్రంలా తిరిగే చమత్కారం కోసం రాసుంటారు. మార్టీ నేర్చుకున్నది కూడా బెర్రీ దగ్గరే కదా అని సమర్థించొచ్చు. కానీ ఎల్విస్ పేరుతోనో ఇంకొకరి పేరుతోనో పోయే హాస్యానికి, ఎన్నో పాటలు దోపిడీ అయిన జాతి మనిషిని ఎంచుకోవడం బాగాలేదు. ఈ సీను నేను రాసుంటే ఫోన్ కాల్ కొట్టేసేదాన్ని.”

“కొట్టేస్తే నవ్వు పోతుంది.”

“పోనివ్వండి. పాట ఉంటుంది. డాన్సు హాలు ఊగిపోవడం ఉంటుంది.”

ఇద్దరూ తీవ్రంగా తలపడింది ముగింపు దగ్గర. మార్టీ 1985కి తిరిగొచ్చేసరికి ఇల్లు మారిపోయి ఉంటుంది. తల్లీతండ్రీ టెన్నిస్ ఆడి, నవ్వుకుంటూ వస్తారు. అన్న సూటు వేసుకుని ఆఫీసుకి వెళ్తాడు. షెడ్డులో మార్టీ కలలు కన్న నల్ల టొయోటా ట్రక్కు మెరుస్తుంటుంది. జార్జ్ పాత్ర వేసిన క్రిస్పిన్ గ్లోవర్‌కే ఈ ముగింపు నచ్చలేదు. పాత్రలకి దక్కే ఫలం డబ్బు కాకూడదు, ప్రేమ కావాలని జెమెకిస్‌తో వాదించాడు. తర్వాతి భాగంలో అతను నటించలేదు. వేరే నటుడికి అతని ముఖంలా మేకప్ వేసి తీశారు. గ్లోవర్ కోర్టుకి వెళ్లాడు, చివరికి రాజీ కుదిరింది.

“నేను గ్లోవర్ వైపు” అన్నాడు మామయ్య. “నాన్న ధైర్యవంతుడైతే కొడుక్కి ట్రక్కు వస్తుందా? మనిషి బాగుపడ్డాడనడానికి సోఫా మారాలా? అంతకంటే దారుణం బిఫ్. డాన్సు రాత్రి కారులో లొరేన్ మీద బలాత్కారానికి పూనుకున్నవాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి ఇంటి ముందే కారు తుడుస్తూ, అయ్యా అయ్యా అంటూ తిరుగుతుంటాడు. లొరేన్ నవ్వుతూ పక్కనుంచి వెళ్తుంది. ఏ ఆడది అతన్ని గుమ్మం తొక్కనిస్తుంది?”

ఆమె ఈసారి సమర్థించే ప్రయత్నం చేయలేదు. “నాకూ అదే చేదుగా ఉంటుంది. ఆ కారు సీను చూస్తూ పెరిగిన అమ్మాయిగా చెబుతున్నా, బిఫ్‌ని ఆ ఇంట్లో చూడలేను.”

ఇక్కడ మామయ్యదే పైచేయి. నలభై ఏళ్ల ప్రేమ కూడా ఆ సీనుని కడగలేదు, కడగకూడదు కూడా. అయితే ఆ రాత్రి జార్జ్ బిఫ్‌ని గుద్దిన గుద్దు గురించి ఆయన అన్న తర్వాతి మాట మాత్రం ఆమె పడనివ్వలేదు. ఒక్క గుద్దుతో మనిషి జీవితం మారిపోతుందని చెప్పే సినిమా అని ఆయన తేల్చేశాడు.

“గుద్దు కాదు మామయ్యా. ముందు జరిగింది చూడండి. జార్జ్ ఆ కారు తలుపు తీసింది నాటకం ఆడటానికి. లోపల మార్టీ ఉంటాడు, అమ్మాయిని ఏడిపిస్తున్నట్టు నటిస్తాడు, తను వచ్చి కాపాడినట్టు నటించాలి. డైలాగు బట్టీ పట్టి వచ్చాడు. తలుపు తీస్తే ఉన్నది బిఫ్. తలుపేసుకుని వెళ్లిపొమ్మని బిఫ్ చెబుతాడు కూడా. జార్జ్ జీవితమంతా అదే చేశాడు, వెళ్లిపోవడం. ఆ కొద్ది క్షణాలు గ్లోవర్ ముఖం చూడండి. లొరేన్ వైపు చూస్తాడు, భయపడతాడు, వణుకుతాడు, అయినా వెళ్లడు. గుద్దు అప్పటికింకా పడలేదు. మనిషి మారింది అక్కడ, వెళ్లకుండా నిలబడ్డప్పుడు. అలా నిలబడ్డ నాన్నని మార్టీ వచ్చి చూస్తాడు. పిరికివాడనుకున్న నాన్న తన వయసులో అంత భయాన్ని గొంతులో పెట్టుకుని నిలబడ్డాడని ఎంతమంది పిల్లలు తెలుసుకోగలరు?”

“చూసి ఏం చేశాడు? ఇంటికొచ్చి ట్రక్కు తుడుచుకున్నాడు.”

“ట్రక్కు కంటే ముందు ఇంకోటి ఉంది. మీరు మరిచిపోయారు” అంది ఆమె. “1955లో జార్జ్ కథలు రాసేవాడు. ఎవరికీ చూపించేవాడు కాదు, బాగాలేవంటే భరించలేనని. ముగింపులో ఇంటికి ఓ అట్టపెట్టె వస్తుంది. అందులో అతని మొదటి నవల. తెచ్చింది బిఫే, అది నాకూ నచ్చదు. కానీ పుస్తకం అట్ట మీద బొమ్మ చూడండి, వ్యోమగామి సూటులో ఉన్న ఆకారం, దాని కింద ఓ జంట. కుర్రప్పుడు ఓ రాత్రి మార్టీ గ్రహాంతరవాసి వేషంలో వచ్చి తనని భయపెట్టిన సంగతినే నవలగా రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల పాటు దాచుకోకుండా రాశాడు. నాకు ఆ పెట్టె చాలు.”

“అయితే సినిమా అక్కడ ఆపాలి. ఆ పెట్టె విప్పి, లొరేన్ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు. ట్రక్కు తీసెయ్, బిఫ్‌ని తీసెయ్, పోస్టుమన్ తెచ్చాడను.”

“పోస్టుమన్ సరే. ట్రక్కు మాత్రం ఉండాలి మామయ్యా. మొదట్లో జెన్నిఫర్‌తో నిలబడి దాన్ని చూసి గుటకలు మింగిన కుర్రాడు వాడు. పదిహేడేళ్లవాడికి నాన్న నవల కంటే ట్రక్కే ముందు కనబడుతుంది.”

“అదే తప్పంటున్నా” అన్నాడు మామయ్య, రిమోట్ అందుకుని ఆ సీను దగ్గరికి వెనక్కి తిప్పుతూ.